ఒక్క వేలితో లేచిన ట్రాలీ

మా అక్కని నేను అప్ప అంటాను. అప్ప ఫోన్ చేసినప్పుడు నేను కాఫీ గింజలు ఎండబెట్టిన పట్టా మీద నుంచి కోళ్ళను తోలుతున్నాను. అప్పకి ఫోన్ మీద నమ్మకం తక్కువ. చింతూరు అవతల శబరి ఒడ్డున ఉంటుంది వాళ్ళ ఊరు. అక్కడ ఎవరి ఫోనో అడిగి పుచ్చుకుని, ఎదుటి కొండ మీద మనిషిని కేకేస్తున్నంత గట్టిగా మాట్లాడి, చెప్పాల్సింది అయిపోగానే ఇచ్చేస్తుంది. ఆ రోజూ అంతే. ఎత్తడానికి ఇంతసేపా అని ముందు కసిరింది. తర్వాత ఊరు ఖాళీ చేస్తున్నారని చెప్పింది. ఏటేటా వరద ఇళ్ళలోకి వస్తోందని అందరికీ మెరక మీద కాలనీ కట్టారట, వానలు పడకముందే వెళ్ళిపోవాలట. తనకీ ఒక ఇల్లు రాశారట గాని, అక్కర్లేదని చెప్పేసిందట. ఎందుకప్పా అని నేను అడిగేలోపే అసలు మాట చెప్పింది.

"నాను కొండెక్కిపోతాను గుంటా. మనింటికి. అయ్య ట్రాలీ ఉందా, నేదా?"

నాకు అరవై ఒకటి నిండాయి. ఆశ్రమ పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఇప్పటికీ నేను ఎదురుపడితే అరకు సంతలో మీసాలు నెరిసిన మగాళ్ళు బీడీ వెనక్కి దాచుకుంటారు. నన్ను చిన్నపిల్లలా గుంటా అని పిలిచే మనిషి ఇక ఈ లోకంలో అప్ప ఒక్కతే. ఉందప్పా, అన్నాను. అయితే అది ఏసుకునే రా అని, ఫోను ఎవరి చేతిలోనో పెట్టేసింది. నేను అక్కడే పట్టా అంచు మీద కూలబడ్డాను. కోళ్ళు మళ్ళీ వచ్చి నా గింజలన్నీ కెలికిపోసినా లేవబుద్ధి కాలేదు. ఆ ఒక్క మాట కోసం మా అమ్మ ఎదురుచూసి ఎదురుచూసి పోయింది. మా అయ్య అయితే ఆ మాట అడిగే ధైర్యం కూడా లేక పోయాడు. ఇద్దరికీ దక్కనిది నాకు దక్కింది. ఈసారి ఎలాగైనా ఆ ట్రాలీ శబరి ఒడ్డుకి చేరాలి, అప్పని ఎక్కించుకుని తిరిగి రావాలి. నేను ఆ పూట అనుకున్నది అదొక్కటే.

ఉంది అన్నానే గాని, ఉన్నది ఏపాటిదో నాకు తెలుసు. జీపు వెనక తగిలించుకునే రెండు చక్రాల చిన్న ఇనప తొట్టి అది. పుస్తకాల్లో ట్రైలర్ అంటారు, మా ఇంట్లో ఎప్పుడూ ట్రాలీయే. నలభై ఏళ్ళకి పైగా గొడ్లపాక వెనక పడి ఉంది. టైర్లు లేవు, వాటి రబ్బరుతో ఎప్పుడో ఎవరో చెప్పులు కోయించుకున్నారు. అడుగున రేకు తుప్పుపట్టి, చేత్తో తోస్తే వేలు దిగింది. ఒక పక్క పలక మొత్తం లోపలికి నొక్కుకుపోయి ఉంది. అమ్మ బతికుండగా అందులో పెంట వేసేది, తర్వాత నేను మిరియాల తీగలకి మట్టి కలుపుకునేదాన్ని. విశాఖలో బ్యాంకులో పనిచేసే మా అమ్మాయికి చెబితే, ఒక వ్యాను మాట్లాడుకుంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి పెద్దమ్మని తెచ్చేసుకోవచ్చు కదా, ఈ తుక్కుతో ఏం పని అంది. దానికి ఏం తెలుసు. అప్ప వ్యాను ఎక్కే మనిషే అయితే బస్సు ఎప్పుడో ఎక్కి ఉండేది.

మా అయ్య పడుచుదనం అంతా కావిడి కింద గడిచింది. కింద మైదానం నుంచి ఉప్పు, కిరసనాయిలు కావిడితో కొండల మీది సంతలకి మోసేవాడు. కుడి భుజం మీద కాయ కాసి, చొక్కా వేసుకుంటే అక్కడొక గుప్పెడు ఎత్తు కనిపించేది. ఆ తర్వాత ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు తోలడం నేర్చుకుని, ఆయన పని ముగించుకుని వెళ్ళిపోతూ వదిలేసిన పాత జీపునీ ట్రాలీనీ తెచ్చుకున్నాడు. మా పేటలో అదే మొదటి బండి. సంత రోజున తెల్లారకముందే అమ్మ లేచి రాగి అంబలి, మా మాటలో చోడి అంబలి, కాచేది. కట్టెల పొగ, ఉడుకుతున్న చోడిపిండి వాసన, వాటి మధ్యలోకి అయ్య వాకిట్లో తిప్పే జీపు పెట్రోలు వాసన వచ్చేవి. అమ్మ చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేది, మావైపు ఆడవాళ్ళకి అది మామూలే. ఆ నిప్పు నోట్లో ఉండగానే పెదాలు కదపకుండా నన్నూ అప్పనీ తిట్టగలిగేది. ఏం తిట్టిందో మా ఇద్దరికీ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెదబయలు సంతకి పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు వేసుకుని పేటలో ఆడవాళ్ళంతా ట్రాలీ ఎక్కేవాళ్ళు. వెనక భాగం ఎగిరెగిరి పడుతుందని అందరూ జీపు వైపున్న ముందు పలక పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ, అయ్యతో కబుర్లాడుతూ కూర్చునేవాళ్ళు. ఎన్నో ఏళ్ళు అలా తిరిగాం. ఒక్కసారైనా ఆ ట్రాలీ పక్కకి ఒరగలేదు.

అప్ప పేరు పండమ్మ. నాకంటే ఆరేళ్ళు పెద్ద. సీలేరు దిగువన కాలవ పనులు జరుగుతున్నప్పుడు అక్కడ కూలికి వెళ్ళి, శబరి వైపు పిల్లాణ్ణి ఇష్టపడింది. మంచివాడు, మాట తక్కువ. పెళ్ళయిన రెండో ఏడే జ్వరంతో పోయాడు. అప్పుడు అప్ప ఒక ఉత్తరం రాయించింది. నన్ను పట్టుకెళ్ళిపోండి, నా సామానుంది, ట్రాలీ తెండి అని అందులో ఉంది. ఆ ఉత్తరం చదివింది నేనే. అయ్య చదవమన్నప్పుడల్లా చదివాను. మూడోసారికి అమ్మ లేచి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. మావైపు ఒక పద్ధతి ఉంది. మొగుడు పోయిన ఆడపిల్లని పుట్టింటికి తెచ్చుకోవాలంటే ఊరికే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురాకూడదు. పుట్టింటివాళ్ళు సరుకంతా తమతో తీసుకెళ్ళి, అత్తింటి ఊళ్ళో అన్ని గడపలకీ ఒక పూట అన్నం పెట్టాలి. ఉప్పు కూడా ఆ ఊరిది వాడకూడదు. తిన్నాక పెద్దలు లేచి, మీ పిల్లని తీసుకెళ్ళండి అంటారు. ఎంత పెట్టారన్నదాన్ని బట్టి ఆ పిల్ల పుట్టింటికి ఎంత కావలసిందో అందరికీ తెలిసిపోతుంది. అప్ప కూడా ఊరూరా చెప్పుకుంది, మా అయ్య ట్రాలీ నిండా వేసుకుని వస్తాడు, అందరికీ పెట్టి నన్ను పట్టుకెళ్తాడని.

పై వారం వస్తున్నామని అయ్య నా చేత జవాబు రాయించాడు. ఆ వారం రోజులు మా ఇంట్లో వేరే మాట లేదు. అయ్య చక్రాలు విప్పి, బేరింగులు కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పట్టించాడు. గ్రీజు డబ్బా పట్టుకోవడం నా పని. నా గౌనుకి, జడకి, అంబలి గిన్నెకి కూడా ఆ నల్ల వాసన అంటుకుంది. కుదుపులు ఆపే కమాను పట్టీల మధ్య ఇసుక గోకి, నూనె రాశాడు. వదులైన ప్రతి నట్టూ బిగించాడు. అమ్మ గోనెపట్టాలు కుట్టింది, అడ్డ తీగ నార తీసి తాళ్ళు పేనింది. అడవిలో దొరికే ఆ నార తాడు తడిస్తే ఇంకా బిగుస్తుందని, కొన్న తాడు వద్దంది. మా ముగ్గురికీ ఒకరి పని ఒకరికి నచ్చేది కాదు. అయ్య కట్టిన ముడి అమ్మ విప్పి మళ్ళీ కట్టేది, అమ్మ చూడకుండా అయ్య దాన్ని మళ్ళీ విప్పేవాడు. ఏడవనివ్వకుండా పని మమ్మల్ని పట్టుకుంది. అప్ప వచ్చాక ఎక్కడ పడుకోవాలో కూడా అమ్మ ముందే అలికి ఉంచింది.

ఇప్పుడు చెప్పబోయేది మా అయ్య చేసిన పొరపాటు. కావిడి మోసినవాడు తప్ప మరొకడు అంత శ్రద్ధగా ఆ పొరపాటు చెయ్యలేడు. ట్రాలీకి రెండు చక్రాలు మధ్యలో ఉంటాయి. అయ్య కళ్ళకి ఆ ఇరుసు భుజంలా కనిపించింది, ముందూ వెనకా కావిడి రెండు తట్టల్లా కనిపించాయి. కావిడిలో ఒక తట్ట బరువైతే మనిషి పది అడుగులు వెయ్యలేడు. అందుకని ఇరుసుకి ముందు ఎంత బరువో వెనకా అంతే ఉండాలని, బస్తాలు అటూ ఇటూ మార్చి మార్చి సర్దాడు. కొంచెం సర్దడం, ముందుకొచ్చి జీపుకి తగిలించే కడ్డీని ఎత్తి చూడడం. ఇంకా ముందు బరువుంది అన్నాడు. నేను ట్రాలీ ఎక్కి, చివరి బస్తాని రెండు చేతులా లాగి, పూర్తిగా వెనక పలకకి ఆనించాను. అయ్య కడ్డీ కింద చూపుడు వేలు పెట్టాడు. అంత బరువున్న ట్రాలీ ఒక్క వేలితో పైకి లేచింది. చూడడానికి వచ్చిన పేటవాళ్ళంతా అబ్బురపడ్డారు. అయ్య నా వైపు చూసి, మా గుంటకి కావిడి తెలుసు అన్నాడు. నా చిన్నతనం మొత్తంలో ఆయన నన్ను అందరి ముందూ మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. చాలా ఏళ్ళు ఆ మెప్పుని దాచుకున్నాను.

పాడేరు దాటాం, చింతపల్లి దాటాం. ఎత్తులో జీపు మూలుగుతూ నెమ్మదిగా వెళ్ళినంతసేపు ఏమీ తెలియలేదు. అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది, జీపులో అయ్యా నేనే. సీలేరు దాటి దిగుడు మొదలయ్యాక, వెనక నుంచి ఎవరో జీపుని పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నట్టనిపించింది. అయ్య బ్రేకు వేశాడు. ఊపు ఇంకా పెద్దదయింది. ఒక మలుపులో కొక్కెం ఎగిరి ఊడిపోయింది, ట్రాలీ మమ్మల్ని కొండ వైపు తోసి, తను లోయ వైపు దొర్లింది. నాకు మోచెయ్యి గీరుకుంది, అంతే. అయ్యకి కుడి భుజం ఎముక విరిగింది. కావిడి మోసిన భుజమే. అటుగా వచ్చిన కర్రల లారీలో మమ్మల్ని వెనక్కి తెచ్చారు. అప్పటికి మా పేటకి ఫోను లేదు, శబరి ఒడ్డుకి అసలే లేదు. అప్ప సామాను మూటలు కట్టుకుని రోడ్డు పక్కన మూడు రోజులు కూర్చుందని మాకు తర్వాత తెలిసింది. నాలుగో రోజు మూటలు విప్పేసి, మొగుడి పొలంలోకి దిగి కలుపు తీయడం మొదలుపెట్టిందట.

భుజం కుదురుకున్నాక అయ్య ఒక్కడే బస్సులు మారి వెళ్ళాడు. చెయ్యి మెడకి వేలాడేసుకుని, జేబులో ఒక బెల్లం పొట్లంతో. బ్రేకు ఫెయిలయిందమ్మా అని చెప్పాడట. అప్ప అన్నం పెట్టింది, మర్నాడు బస్సు ఎక్కించింది. బస్సెక్కి దొంగదానిలా రాను, ట్రాలీ వచ్చిన రోజున వస్తాను అందట. ఆయన మళ్ళీ జీపు ముట్టుకోలేదు, కావిడి ఎత్తే భుజం ఎలాగూ లేదు. మిగిలిన బతుకంతా కాఫీ మొక్కల నీడలో చిన్న చిన్న పనులు చేసుకుంటూ గడిపాడు. పేటవాళ్ళు లోయలోంచి ట్రాలీని పైకి లాగి తెచ్చి ఇస్తే, పాక వెనక పెట్టమని చెప్పి అటు చూడడం మానేశాడు. ఆయన పోయినప్పుడు శబరి పొంగి దారులు మూసుకుపోయాయి. దారులున్నా అప్ప వచ్చేది కాదని నాకు తెలుసు. నేను మాత్రం వీలైనప్పుడల్లా వెళ్ళి చూసేదాన్ని. మేం చేపల గురించి, పంటల గురించి, నా ఉద్యోగం గురించి మాట్లాడుకునేవాళ్ళం. ట్రాలీ మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

అందుకే అప్ప ఫోన్ చేసిన మూడో రోజుకే ఆ తుక్కుని ఒక లారీలోకి ఎక్కించి సాలూరు తీసుకెళ్ళాను. లారీల పని తెలిసిన ఊరు అది. అప్పలస్వామి అనే పెద్దాయన వెల్డింగు షెడ్డులో దాన్ని దించితే, ఆయన చుట్టూ తిరిగి, సుత్తితో ఇక్కడా అక్కడా తట్టి, ఇరుసు బాగుంది టీచరమ్మా, మిగిలినది మళ్ళీ పుట్టించుకోవాల అన్నాడు. పుట్టించండి అన్నాను. నేను పోయి వస్తానని ఆయన అనుకున్నాడు. నేను పోలేదు. సాలూరులో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇంట్లో దిగి, రోజూ షెడ్డు తెరిచేసరికి ముక్కాలి పీట వేసుకుని కూర్చునేదాన్ని. అడుగున కొత్త రేకు వేశారు. నొక్కుకుపోయిన పలకని కాల్చి సాపు చేశారు. కొత్త బేరింగులు, కొత్త టైర్లు, కొక్కెం ఊడినా పట్టి ఉంచడానికి రెండు గొలుసులు, వెనక ఎర్ర దీపాలు. బేరింగులకి గ్రీజు నేనే పడతానంటే షెడ్డులో అందరూ నవ్వారు. పట్టాక నవ్వలేదు. ఈ ట్రాలీకి కాగితాలు ఎలా పుట్టించాలా అని రవాణా ఆఫీసులో గుమాస్తా రెండు సార్లు తల గోక్కున్నాడు. మూడోసారి నేను వెళ్ళేసరికి, వస్తూనే ఉంటానని అర్థమై, పని చేసిపెట్టాడు.

రంగు ఆరుతున్న రోజున అప్పలస్వామికి మాటల్లో ఆ పాత ప్రయాణం చెప్పాను. బ్రేకు ఫెయిలయిందనే చెప్పాను, మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ అదే కదా. ఆయన బరువు ఎలా ఎక్కించారని అడిగాడు. నేను కాస్త గర్వంగానే ఆ ఒక్క వేలు సంగతి చెప్పాను. ఆయన చేతిలో పని ఆపేశాడు. సంతలకి తిరిగినప్పుడు మనుషులు ఎక్కడ కూర్చునేవాళ్ళని అడిగాడు. ముందు పలక పట్టుకుని అన్నాను.

"అదే టీచరమ్మా. ఇది కావిడి కాదు. ముందుకి ఎక్కువ బరువుండాల, కడ్డీ ఎత్తితే నడుం పట్టుకోవాల. ఏలితో నేచిందంటే ఇంక దిగుడులో తోక ఊగకేటి సేత్తాది? బ్రేకు మంచిదే అయ్యుంతాది."

నేను లేచి షెడ్డు బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాను. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. ఏడుపొచ్చింది, ఏడుపుని మించి కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. చివరి బస్తా లాగిన నా పధ్నాలుగేళ్ళ చేతుల మీద, ఆ మెప్పు మీద, ఇంత చిన్న సంగతి చెప్పే మనిషి ఒక్కడూ ఎదురుపడకుండా అయ్యని మట్టిలో కలిపేసిన కాలం మీద. ఇప్పుడు మా అరకులో ఏది కావాలన్నా ఫోనులో వెతికితే చాలు. వలిసె పూలలో ఫొటోలు దిగడానికి వచ్చే పిల్లలకి కూడా కారు వెనక ఏం తగిలించాలో, ఎంత ఎక్కించాలో తెలుసు. అప్పట్లో మాకు తెలిసిన బరువు ఒక్కటే, భుజం మీది బరువు. అది తెలియడం తప్పు కాదు గదా. కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, బరువు ఎక్కడెక్కడ పెట్టాలో అడుగు మీద సుద్దతో గీసి చూపించమన్నాను. నేను బడిలో పాఠం చెప్పినట్టే ఆయన చెప్పాడు. నేను రెండు సార్లు అప్పజెప్పాను.

ఇంటికి వచ్చి, వండడానికి మా పేటలో ఇద్దరు ఆడవాళ్ళని మాట్లాడుకున్నాను. సరుకు ఎక్కించేటప్పుడు అందరూ సాయం వచ్చారు, అందరికీ తలొక సలహా ఉంది. ఎవర్నీ ముట్టనివ్వలేదు. బరువైనవన్నీ ఇరుసుకి ముందు, అడుగున. తేలికవి వెనక. కడ్డీ ఎత్తి చూశాను, రెండు చేతులా పట్టినా నడుం కలుక్కుమంది. అంత బరువుగా ఉందేటి అని ఒకాయన నొచ్చుకున్నాడు. అలాగే ఉండాలి అన్నాను. జీపు పేటలో ఒకరి దగ్గర అడిగి తీసుకున్నాను, నడిపింది మాత్రం నేనే. నలభై ఏళ్ళ వయసులో నేర్చుకున్న డ్రైవింగు అది, ఘాటీలో నాకు భయం లేదు. అయినా సీలేరు దాటాక దిగుడు ముందు ఆగి, కొక్కెం, గొలుసులు మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. అద్దంలో ట్రాలీనే చూస్తూ దిగాను. రెండో గేరులో, ఎక్కడా తొందరపడకుండా. అది బుద్ధిగా నా వెనకే వచ్చింది. వెనక సీట్లో ఆడవాళ్ళు పాటలు పాడుకుంటున్నారు. వాళ్ళకి ఆ మలుపు సంగతి నేను చెప్పలేదు.

రెండో రోజు ఎండ ముదిరేసరికి ఊళ్ళోకి దిగాం. ఊరు సగం విప్పేసి ఉంది. పెంకులు దించిన ఇళ్ళు, పెరికేసిన తలుపులు, ఖాళీ గొడ్లపాకలు. అప్ప తన గుమ్మం ముందు నాలుగు మూటలు, రెండు రాగి బిందెలు పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను పలకరించకుండా నేరుగా ట్రాలీ దగ్గరికి వెళ్ళి, పలక మీద అరచెయ్యి ఆనించింది. వండేవాళ్ళు పొయ్యిలు పెట్టారు, మా ఉప్పు, మా నూనె, మా బియ్యం. ఊరి వాళ్ళకి పద్ధతి గుర్తుంది. ముసలివాళ్ళు ముందు వచ్చి వరసలో కూర్చున్నారు. అడిగి తీసుకెళ్ళే ఆడపిల్ల ఆ వరసలో కూర్చోకూడదు కాబట్టి అప్ప దూరంగా మూటల దగ్గరే ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. సాలూరు నుంచి నాలో దాచుకుని వచ్చింది చెప్పేశాను. బ్రేకు కాదప్పా, బరువు తప్పు, చివరి బస్తా వెనక్కి లాగింది నేనే అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బస్తానా?" అంది అప్ప. "ట్రాలీలో బస్తాలున్నాయా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మా ఇళ్ళలో పెట్టని అన్నం గురించి మాట్లాడడం తప్పు. పెట్టలేకపోయింది లెక్క చెప్పుకుంటే గొప్పకి పోయినట్టు. అందుకని అయ్య ఎంత పోయిందో ఆమెకి చెప్పలేదు, అమ్మ చెప్పలేదు, పెద్దవాళ్ళు ఎత్తని మాట కదా అని నేనూ చెప్పలేదు. బ్రేకు ఫెయిలయిందన్న మాట ఒక్కటే ఈ ఊరికి చేరింది. పుట్టింటివాళ్ళు ఖాళీ బండి వేసుకుని బయల్దేరారని, దారిలో పడిపోయిందని కథ చెప్పి తప్పించుకున్నారని అప్ప తోడికోడలు గంగమ్మ ఊరంతా అంది. చేతిలో బెల్లం పొట్లంతో దిగిన అయ్యని చూసి అప్ప కూడా నమ్మింది. నలభై ఏళ్ళు అదే నమ్ముతూ ఆ పొలం దున్నింది. అప్ప నా మణికట్టు పట్టుకుని లేపి, తింటున్న వాళ్ళ ముందుకి తీసుకెళ్ళింది.

"అయ్య ఏటేటి ఎక్కించాడో సెప్పు గుంటా. అందరికీ ఇనబడేలాగ సెప్పు."

చెప్పాను. బడి గంట తర్వాత ప్రార్థనలో నిలబడి చెప్పినంత గట్టిగా చెప్పాను. బియ్యం మూడు బస్తాలు, చోళ్ళు రెండు, కందులు ఒకటి. సామలు అమ్మ పొలంలోవి. చింతపండు, పసుపు కొమ్ములు, ఉప్పు బస్తా. ఆముదం కాదు, నువ్వుల నూనె, రెండు డబ్బాలు. అడ్డాకు విస్తళ్ళు, ఈ ఊరి గడపలు లెక్కేసి కుట్టినవి. జీలుగు కల్లు కుండలు. నల్ల మేకపోతు ఒకటి. అందరూ ముద్ద ఆపి వింటున్నారు. పళ్ళూడిన గంగమ్మ తల ఎత్తి, మేక ఏటయింది అని అడిగింది. అడివిలోకి పారిపోయింది అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. అప్ప నవ్వలేదు. ముఖమంతా తడిసిపోయి ఉంది, తుడుచుకోలేదు. కొంగు నడుముకి దోపుకుని, వరసలోకి నడిచి, గంగమ్మ పక్కన నేల మీద కూలబడింది.

"జరుగు," అంది. "మా అయ్య పెట్టిన కూడు. నానూ తింటాను."

కూర్చోకూడదని ఎవరూ అనలేదు. నేను ఆకు వేసి వడ్డించాను. తినేసి మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. ఆకు మడిచి లేచి, చెయ్యి కడుక్కుని, పెద్దలు ఇంకా ఆ మాట అనకముందే తన మూట ఒకటి తనే నెత్తికెత్తుకుని ట్రాలీ వైపు నడిచింది.